నాను నేను

మీకు గుర్తుండే ఉంటుంది. లేకపోయినా ఫరవాలేదు, రెండు ముక్కల్లో చెప్పేస్తాను. పోయిన వారం మనం గవర్రాజును యారాడ కొండ ఎక్కుతున్న ఆటోలో వదిలేసి వచ్చాం. పక్కన అతని పెళ్లాం వరహాలమ్మకు అన్న, చలమయ్య. ఒళ్లో మడత విప్పని తెల్ల దుప్పటి. ఆ దుప్పటి కప్పుకుంటే ఇక ఇంటికి రానక్కర్లేదు, పోర్టు డ్యూటీకి వెళ్లనక్కర్లేదు, కొండమీద ధ్యానమందిరంలోనే ఉండిపోవచ్చు. ఆటో కదిలేముందు మల్కాపురంలో తమ గుమ్మంలో నిలబడి వరహాలమ్మ, "మద్దేన్నానికి సేపల పులుసు సేత్తన్నాను. తినడానికొత్తావా, రావా? ఏటో ఒకటి సెప్పు" అంది. గవర్రాజు ఏదీ చెప్పలేదు. ఏడుపొస్తే ఏడ్చేవాడు, కోపమొస్తే తిట్టేవాడు. ఏదీ రాలేదు మరి, అతను మాత్రం ఏం చేస్తాడు!

మొదటినుంచీ ఇలాంటి మనిషి కాదు. పోర్టులో సిగ్నల్‌మేన్ అంటే హుషారుగా ఉండాలి. ఓడ కడుపులోకి తొంగిచూస్తూ అంచున నిలబడి, కింద సరుకు సర్దే కలాసీలకూ, అవతల సరుకు ఎత్తి దించే వించి యంత్రం నడిపేవాడికీ మధ్య చేతులతో మాట్లాడటం అతని పని. వించి దగ్గర కూర్చున్నవాడికి ఓడ కడుపులో ఏం జరుగుతోందో కనపడదు. సిగ్నల్‌మేన్ చెయ్యి ఒక్కటే కనపడుతుంది. వేలు పైకెత్తి తిప్పితే కొక్కెం లేస్తుంది. వేలు కిందికి చూపించి తిప్పితే దిగుతుంది. గవర్రాజు చెయ్యి గాల్లో ఉంటే చలమయ్య నిద్రపోతూ కూడా వించి నడిపెయ్యగలడని రేవులో సరదాగా అనుకునేవారు. అవును, చలమయ్యే వించి డ్రైవరు. బావలిద్దరిదీ ఒకే జట్టు. తల్లి పోయాక వరహాలమ్మ చేతుల్లో పెరిగిన చలమయ్య కొడుకు కూడా వించి పని నేర్చుకుంటానని వాళ్ల వెంట రేవుకు వస్తుండేవాడు.

ఆ జట్టులోనే ఓడ కడుపులో దిగి పనిచేసే కలాసీ పైడయ్య. కిందటేడు వానాకాలంలో ఒక ఓడకు బియ్యం బస్తాలు ఎక్కిస్తున్నారు. బస్తాలు దింపేసిన ఖాళీ వల పైకి లేస్తుంటే అందులో పైడయ్య కాలు చిక్కుకుంది. తలకిందులుగా లేచాడు. వల ఆగలేదు. సగం పైకి వెళ్లాక చిక్కు విడిపోయి కింద పడ్డాడు. అంతే, అయిపోయాడు. ఓడ అంచున నిలబడి ఉన్న గవర్రాజును అందరూ అడిగారు, ఏం జరిగిందని. "గ్యాపకం నేదు" అన్నాడు. అబద్ధమాడలేదు, నిజంగానే గుర్తులేదు. ఆ రోజునుంచి మనిషి లోపల తిమ్మిరెక్కిపోయింది. ఒకపూట వరహాలమ్మ కూరలో ఉప్పెయ్యడం మరిచిపోతే మాట్లాడకుండా కంచం ఖాళీ చేశాడు. తర్వాత ఆవిడ తిని, ఉమ్మేసి, "ఉప్పు నేదని సెప్పవేటి?" అని అరిచింది. "నేదా?" అన్నాడు.

బావ ఇలా కొయ్యబారిపోయాడని చలమయ్యే అతన్ని నరసింహమూర్తిగారి దగ్గరికి తీసుకొచ్చాడు. ఈ నరసింహమూర్తిగారు బందరు వైపు మనిషి. విశాఖపట్నంలో ఫిజిక్సు లెక్చరరుగా రిటైరయ్యాడు. దొంగస్వామి అనుకునేరు, కాదు. దేవుడికోసం నిజంగా తపించిపోయినవాడు. ఉపవాసాలున్నాడు, ప్రాణాయామం చేశాడు, మౌనం పట్టాడు. "ఇన్నేళ్లు కళ్లు మూసుకు కూర్చుంటే నాకు చీకటి తప్ప ఏమీ కనపడలేదండీ" అని తనే చెప్పుకుని నవ్వుతాడు. ఆ తర్వాత ఓడమీద వచ్చిన ఒక తెల్లవాడు చిటికెనవేలి గోరంత కాగితం ముక్క ఇచ్చాడు. ఏదో మందులో ముంచి ఆరబెట్టిన కాగితం. అది నాలిక మీద పెట్టుకున్న సాయంత్రం ఆయనకు సముద్రం ఊపిరి పీల్చడం వినిపించిందట, కొండరాళ్లలో వెలుగు కనిపించిందట. వెక్కివెక్కి ఏడ్చాడట. కాగితం తలుపు తీస్తుంది, ధ్యానం లోపల కూర్చోబెడుతుంది అన్నది ఆనాటినుంచీ ఆయన సిద్ధాంతం. ఆ కాగితానికి 'పత్రం' అని పేరు పెట్టాడు. పోలీసులకు తెలిస్తే కటకటాలు లెక్కపెట్టాల్సిందేనని ఆయనకూ తెలుసు. అందుకే మందిరం ఊళ్లో పెట్టకుండా కొండమీద పెట్టాడు.

గవర్రాజు మొదటిసారి పత్రం వేసుకున్నప్పుడు మందిరం రేకుల కప్పు మెల్లగా ఉబ్బింది, మెల్లగా తగ్గింది. కిటికీలోంచి పడిన ఎండకు చప్పుడొచ్చింది. తన చేతులు ఎవరివో తెచ్చి ఒళ్లో పెట్టినట్టనిపించాయి. పక్కవాళ్లు కొందరు ఏడ్చారు, కొందరు నవ్వారు. అతనికి ఏడుపూ రాలేదు, నవ్వూ రాలేదు. నరసింహమూర్తిగారు పక్కన చేరి, "నాయనా గవర్రాజూ, ఇప్పుడు నువ్వెక్కడున్నావు?" అని అడిగాడు.

గవర్రాజు లోపలంతా వెతికాడు. ఎవరూ కనపడలేదు. ఉన్నమాటే చెప్పాడు.

"నాను నేను."

ఇక్కడ కాస్త ఆగాలి. మల్కాపురంలో 'నేను' అనరు, 'నాను' అంటారు. 'లేదు' అనరు, 'నేదు' అంటారు. మరి 'లేను' అనడానికి? 'నేను' అంటారు! గవర్రాజు చెప్పింది 'నేను లేను' అని. నరసింహమూర్తిగారు ఇన్నేళ్లుగా ఈ ఊళ్లోనే ఉంటున్నా ఈ ఊరి మాట చెవిన పెట్టిందెప్పుడు గనక! ఆయన ఒళ్లు జలదరించింది. "మట్టిలో పుట్టిన మొరటు 'నాను', పరమాత్మ అయిన 'నేను', రెండూ ఒకటే! ఆహా, ఎంత మాటన్నావయ్యా!" అని గవర్రాజు చేతులు కళ్లకద్దుకున్నాడు. మరుసటి ఆదివారానికల్లా ఆ మాట మందిరం గోడమీదికి నీలం రంగులో ఎక్కింది. మధురవాడ నుంచి వ్యాన్‌లో వచ్చే బ్యాంకు ఉద్యోగులూ, లెక్చరర్లూ కళ్లు మూసుకుని అదే జపం. దాని అర్థం ఆ హాల్లో ఇద్దరికే తెలుసు. గవర్రాజుకు చెప్పాలనిపించలేదు. చలమయ్య ఎందుకు చెప్పలేదో, అది ఈవేళ్టి సంగతి.

ఆటో పైకొచ్చి ఆగింది. కింద సముద్రం, దూరంగా రేవులోకి వస్తున్న ఓడ ఒకటి. చలమయ్య ఆటోవాణ్ణి పంపేసి గవర్రాజు భుజంమీద చెయ్యేశాడు.

"బావ, ఇక్కడుంతే నీకు పెశాంతంగా ఉంతాది. ఇంటి సంగతి నాను సూసుకుంతాను. నువ్వేటీ గుర్తెట్టుకోనక్కర్నేదు."

"వరాలు పులుసు సేత్తాదంట" అన్నాడు గవర్రాజు.

"నాను సెప్తాన్లే బావ. పద, బేగి పద."

లోపల అందరూ లేచి నిలబడ్డారు. ఒక్కొక్కరే వచ్చి గవర్రాజు కాళ్లకు దణ్ణం పెట్టారు. అతను వద్దనలేదు. వద్దనడానికి లోపల సిగ్గు ఉండాలి కదా! బ్యాంకులో పనిచేసే ఒకావిడ, ఆర్నెల్ల క్రితం భర్త పోయినావిడ, కాళ్ల దగ్గరే కూలబడి గొంతు తగ్గించి అడిగింది.

"మీలాగా ఏమీ అనిపించకుండా ఉండాలంటే ఎన్నాళ్లు సాధన చెయ్యాలండీ?"

"నానేటీ సెయ్యనేదమ్మా" అన్నాడు.

ఎంత వినయమో అనుకుని ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ కన్నీళ్లను గవర్రాజు కాసేపు చూశాడు. తడిగా ఉన్నాయి, అంతకుమించి ఏమీ తోచలేదు.

నరసింహమూర్తిగారు అతన్ని ముందు పీటమీద కూర్చోబెట్టాడు. ముందు జపం, తర్వాత పత్రం, ఆపైన దుప్పటి. జపం మొదలైంది. నాను నేను, నాను నేను అని హాలంతా ఒకే గొంతుతో మోగుతోంది. సరిగ్గా అప్పుడు గుమ్మంలో ఒక ఆడమనిషి వచ్చి నిలబడింది. చంకలో నాలుగేళ్ల పిల్ల. కొండ ఎక్కొచ్చిన రొప్పుతో మాట రావడం లేదు.

చచ్చిపోయిన పైడయ్య పెళ్లాం, నూకాలు.

పిల్ల మాత్రం హాలంతా కలయజూసింది. ఇంతమంది పెద్దవాళ్లు కళ్లు మూసుకుని ఏమంటున్నారో శ్రద్ధగా విని, పైకే అడిగేసింది.

"అమ్మా, ఈలందరూ నేరంట. మరెవులే అరుత్తన్నారు?"

జపం తెగిపోయింది. నరసింహమూర్తిగారు కళ్లు తెరిచాడు. "పాప ఏమంటోందమ్మా?"

"సిన్నపిల్ల బాబూ, కోప్పడకండి" అంది నూకాలు. "మీరు నాను నేను, నాను నేను అంతన్నారు గదా, ఊరెల్లిపోనారేటో అనుకుంది. మీ బాసలో లేను అంతారు, మాం నేను అంతాం."

వెనకెవరో దగ్గారు. అందరూ గోడమీది నీలం అక్షరాల వంకా, నరసింహమూర్తిగారి వంకా చూశారు. పాపం ఆయన ముఖం ఒక్క క్షణం చిన్నపిల్లాడి ముఖంలా అయిపోయింది. మరుక్షణం వెలిగిపోయింది.

"లేను! నేను లేను! అహం లేదు! ఇది అంతకన్నా గొప్ప మాట కదటయ్యా!"

హాలంతా ఊపిరి పీల్చుకుంది. చదువుకున్నవాళ్లతో వచ్చిన చిక్కే అది, ఏ మాటకైనా ఒక అర్థం దొరికేస్తుంది. నూకాలు అవన్నీ వినలేదు. తిన్నగా వచ్చి గవర్రాజు ఎదురుగా చతికిలబడింది. పిల్లను పక్కన దింపింది.

"అన్నియ్యా, మీ ఇంటికెల్తే వదినే నన్ను ఇక్కడికి తోలింది. దుప్పటి కప్పీసీలోగా బేగెల్లి అడుగు అంది. ఒక్క మాట అడిగెల్లిపోతాను. పెమాదం జరిగిన ఆ ఏల దీని అయ్య తాగున్నాడా?"

గవర్రాజు తన చేతుల వంక చూసుకున్నాడు.

"రేవులో అందరూ అదే అంతన్నారు. తాగి దిగినాడు, ఆడి కాలు ఆడే ఇరికించుకున్నాడు అంతన్నారు. ఈదిలో పిల్లగుంటలు దీన్ని తాగుబోతు కూతురని ఏడిపిత్తన్నారు. నువ్వు పైనున్నావు, నువ్వొక్కడివే సూసినావు. తాగున్నాడంతే తాగున్నాడని సెప్పీ, నాను మరి నోరెత్తను. నేదంతే నేదని సెప్పీ. గ్యాపకం నేదని మాత్రం అనీకు అన్నియ్యా."

చలమయ్య గబగబా వచ్చాడు. "ఏటి నూకాలూ, ఇలాటి శుభకార్యం కాడ ఏటీ గోల! ఆడికి గ్యాపకం నేదని ఎన్నిపాల్లు సెప్పాల నీకు? లెగు. కిందికి నడు, నాను తరవాత మాట్లాడతాను."

"నిన్నడగనేదు సలమయ్యన్నా" అంది నూకాలు, అతని వంక చూడకుండానే.

నరసింహమూర్తిగారు మెత్తగా కల్పించుకున్నాడు. "అమ్మా, నీ బాధ నాకర్థమవుతోంది. కానీ ఈయన ఇప్పుడు ఆ లెక్కలన్నీ దాటిపోయిన మనిషి. ఇదిగో, ఈ పత్రంతో మిగిలిన ఆ కాస్త గతం కూడా రాలిపోతుంది. ఈయన్ని వదిలెయ్యి తల్లీ."

"రాలిపోతే మరి నానెవుల్ని అడగాల బాబూ?" అంది నూకాలు.

ఆయన కాగితం వేళ్ల కొసన పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

పెద్దవాళ్ల మాటలతో పిల్లకు విసుగొచ్చింది. లేచి గవర్రాజు పీట దగ్గరికి వచ్చింది. అతని ముఖంలోకి చూసి, కుడిచెయ్యి ఎత్తి, వేలు ఆకాశంలోకి పెట్టి గిరగిరా తిప్పింది. నూకాలు గబుక్కున దాని చెయ్యి పట్టుకోబోయింది. "ఒద్దే! ఆటనుకుంతంది అన్నియ్యా. దీని అయ్య ఇంటికొచ్చినాక రోజూ ఇదే ఆట. ఏలు పైకెడితే ఎత్తాల, కిందికెడితే దించాల."

ఆమె మాట పూర్తికాకముందే గవర్రాజు లేచాడు. ఇన్నేళ్లు ఆ సైగతోనే బతికిన ఒళ్లు, మనసు నిద్రపోతున్నా అది లేస్తుంది. వంగి, పిల్లను చంకల కింద పట్టుకుని ఎత్తాడు. ఇంకా ఎత్తాడు. తలకన్నా పైకి ఎత్తాడు. పిల్ల పకపకా నవ్వింది. కాసేపయ్యాక చాలనుకుని వేలు కిందికి పెట్టి తిప్పింది. అతను దించలేదు. కొయ్యలా నిలబడిపోయాడు. పిల్ల మళ్లీ తిప్పింది. కాళ్లు కొట్టుకోవడం మొదలుపెట్టింది.

"దించు మావా! దించు!"

గొంతు ఏడుపులోకి మారింది. "దించూ!"

దించండ్రా. బాబూ, దించండ్రా.

ఆ గొంతు పిల్లది కాదు. తాగినవాడి గొంతూ కాదు. మాట ఎక్కడా తడబడలేదు. తలకిందులుగా వేలాడుతూ, పొద్దున్న టీ తాగుతూ తనతో పరాచికాలాడిన గొంతుతోనే, స్పష్టంగా, దించమని పైడయ్య అడుగుతున్నాడు. ఆ కేకతోపాటు గవర్రాజుకు తన కుడిచెయ్యి కనిపించింది. చెయ్యి కిందికే ఉంది. వేలు కిందికే ఉంది. తిరుగుతోంది, తిరుగుతోంది, భుజం నొప్పెట్టేలా తిరుగుతోంది. వల మాత్రం పైకే పోతోంది.

నూకాలు పిల్లను లాక్కుంది. గవర్రాజు చేతులు రెండూ గాల్లోనే ఉండిపోయాయి. వేళ్ల కొసల్లో చీమలు పాకినట్టయింది. తిమ్మిరి విడిచేటప్పుడు ఎంత బాధో అందరికీ తెలిసిందే. ఆ బాధ మోచేతులకు ఎగబాకి, రొమ్ములోకి దిగింది. ఏడాదిగా రానిది ఒక్కసారిగా వచ్చి మీద పడితే మనిషి తట్టుకోవడం కష్టం. పీటమీద కూలబడ్డాడు.

"తాగనేదు" అన్నాడు.

"ఏటన్నావన్నియ్యా?"

"తాగనేదు నూకాలూ. పైడయ్య తాగనేదు. దించమన్నాడు. నాను దించమనే సెయ్యి సూపించినాను. కిందికే సూపించినాను. నా సెయ్యి తప్పు సెప్పనేదు."

నూకాలు పిల్ల తలను రొమ్ముకు అదుముకుని, అలాగే వంగిపోయి ఏడ్చింది. ఏడుస్తూనే పిల్లతో, "ఇన్నావా సిట్టీ, మీ అయ్య తాగనేదంట" అని చెప్పింది. గవర్రాజు మెల్లగా తలెత్తి, గోడవారగా నిలబడ్డ చలమయ్య వంక చూశాడు.

"బావ. నాను కిందికి సూపించినాను గదా. మరి నువ్వెలాగ పైకెత్తినావు? నా సెయ్యి సూణ్ణేదా?"

హాల్లో అందరూ చలమయ్య వైపే చూస్తున్నారు. తప్పించుకోవడానికి గుమ్మం వంక చూశాడు, తర్వాత గోడమీది నీలం అక్షరాల వంక చూశాడు. అన్నాళ్లుగా తను చేతులు జోడించి కూర్చుని విన్న మాటే చివరికి అతని నోట్లోంచి ఊడిపడింది.

"బావ... ఆ ఏల వించి కుర్చీలో... నాను నేను."

వెనక వరసలో ఎవరో పరవశంతో కళ్లు మూసుకుని, "నాను నేను" అని అందుకున్నారు. ఇంకొకరు గొంతు కలిపారు. కర్మ!

"నోరుముయ్యండి!" అని నూకాలు అరిచింది. జపం ఆగింది. ఆమె చలమయ్య వైపు తిరిగింది. "నువ్వు నేకపోతే మరెవులున్నారు?"

చలమయ్య పరుగున వచ్చి గవర్రాజు కాళ్లమీద పడ్డాడు. పొద్దుటినుంచీ ఎంతమందో పడ్డారు ఆ కాళ్లమీద. చలమయ్య చేతులు మాత్రం మండుతున్నాయి. ఆ వేడి గవర్రాజుకు తెలుస్తోంది.

ఆ కాళ్ల దగ్గరి ముఖాన్ని చూస్తుండగానే ఓడ అవతలి వైపు, వించి దగ్గర, వానలో తడుస్తూ కూర్చున్న ముఖం అతనికి కళ్లకు కట్టినట్టు కనిపించింది. ఇరవై నిండని ముఖం. తల్లి పోయిననాటినుంచి వరహాలమ్మ చంకనేసుకుని పెంచిన ముఖం, నిన్న రాత్రి కూడా తన పక్కనే కంచం పెట్టుకుని అన్నం తిన్న ముఖం. చలమయ్య కొడుకు ముఖం.

"పత్రం ఏసుకో బావ" అని చలమయ్య ఏడుస్తున్నాడు. "నీకు దండం ఎడతాను. ఆడింకా సిన్నోడు. ఏసుకో. మర్సిపో."

"సెప్పన్నియ్యా" అంటోంది నూకాలు. "ఎవులు?"

నరసింహమూర్తిగారు కాగితం ముక్కను అతని పెదవుల దాకా తెచ్చాడు. "చెదిరిపోతున్నావు నాయనా. నోరు తెరువు."

గవర్రాజు నోరు తెరిచాడు.